నూట పద్నాలుగు మార్కులు

చివరి బెంచీలో మోకాళ్ళు పట్టవు. పదిహేనేళ్ళ పిల్లల కొలతకి చేయించిన బెంచీలో నలభై రెండేళ్ళ ఇంద్రాణి పక్కకి తిరిగి, ఒక కాలు నడవలోకి చాపుకుని, కుచ్చిళ్ళు దుమ్ములో పడకుండా ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంది. ఆమాటకొస్తే మొదటి బెంచీలోనూ మోకాళ్ళు పట్టవు, కానీ అక్కడ కూర్చున్న రెండేళ్ళలో ఒక్కనాడూ ఆ సంగతి తోచలేదు. ఈ స్కూల్లో పేరెంట్స్ మీటింగంటే అంతే మరి. పిల్లలకి ఏ ర్యాంకు వస్తే ఆ వరసలో తల్లో తండ్రో కూర్చోవాలి, బెంచీ మూలన తెల్లకాగితం మీద పిల్ల పేరు అంటించి ఉంటుంది, వెతుక్కుని కూర్చోవాలి. ఇది ఇన్‌ఛార్జి ఉపేంద్ర సార్ కనిపెట్టిన పద్ధతి. భలే పద్ధతండీ, పేరెంట్స్‌కి కూడా కాస్త వేడి తగలాలి కదా అని ఇదే గదిలో అందరి ముందూ మెచ్చుకున్నది ఇంద్రాణే. ఇవాళ పదకొండింటికి మామూలుగా వచ్చి మొదటి బెంచీ ఎడమపక్క చేరగిలబడబోయింది, అక్కడ అభిలాష్ అని రాసి ఉంది. రెండో బెంచీ చూసింది, మూడోది చూసింది, నవ్వుముఖంతోనే చూసింది, ఏదో పొరపాటు పడి ఉంటారని. అయిదో బెంచీ దగ్గర నవ్వు ఆగిపోయింది. గోడ పక్కన, చీపురూ డస్ట్‌బిన్నూ పెట్టేచోట, జి. తేజస్విని. తల కొట్టేసినట్టయింది. అభిలాష్ వాళ్ళమ్మ వెనక్కి తిరిగి ఒక్కసారి చూసి, చూడనట్టు తిరిగిపోయింది. అలా తిరిగిపోవడం ఎలాగో ఇంద్రాణికి బాగా తెలుసు, రెండేళ్ళు తను చేసిందదే.

పేపర్లు ఇంకా పంచలేదు. పన్నెండింటికి లిస్టు అంటిస్తారు. ఎనభై అయిదు శాతం దాటినవాళ్ళు ఏ సెక్షన్, డెబ్బై అయిదు దాటితే బి, ఆ కింద అందరూ సి. ఇక మార్చిలో పబ్లిక్ పరీక్షల దాకా మార్పుల్లేవు, ఇదే ఆఖరు. ఏ సెక్షన్‌కి మంచి లెక్చరర్లు, ఏ సెక్షన్‌కి ఏసీ గది, రేపు ఇంటర్‌లో ఐఐటీ బ్యాచ్‌కి తీసుకునేది ఏ సెక్షన్‌నే. సి సెక్షన్ అంటే మెట్లకింద గది, ట్యూబ్‌లైటు పగలు కూడా వేసే ఉంటుంది. ఎలా రాశావే అంటే బాగానే రాశానమ్మా అంది కదా. ఆరు పరీక్షలకీ ఆరుసార్లూ అదేమాట అంది కదా. కళ్ళలోకి చూసే చెప్పింది కదా. ఇంతకీ ఎక్కడ తేడా చేసింది. పొద్దున్న నాలుగున్నరకి లేవడంలో తేడా లేదు, లేపేది తనే. నానబెట్టిన బాదంపప్పులు తొక్క తీసి ఎనిమిది, లెక్కపెట్టి నోట్లో వేసేది తనే. నలభై అయిదు నిమిషాలకి టైమరు పెట్టి, అది మోగేదాకా కుర్చీలోంచి లేవకూడదు, మోగాక అయిదు నిమిషాలు, ఆ అయిదు నిమిషాల్లో ఫోను కాదు, కిటికీ కాదు, నీళ్ళు తాగి రావాలి. చదివిన జవాబు మూడుసార్లు రాయాలి. అద్దం మీద త్రికోణమితి, ఫ్రిజ్ తలుపు మీద ఆమ్లాలు క్షారాలు, బాత్రూంలో తలుపు వెనకాల మూలకాల పట్టిక, ప్లాస్టిక్ కవరు తొడిగి. ఆయన, ప్రసన్నకుమార్, ఓ రోజు ఆ పట్టిక చూసి ఇక్కడైనా పిల్లని వదలవే అన్నాడు. అన్నాడంతే, ఇన్సూరెన్సు ఆఫీసుకి వెళ్ళిపోయాడు, ఆయనకేం. పేపరు ఎలా ఉండాలో కూడా నేర్పింది. మార్జిను రెండువైపులా, హెడ్డింగులు నల్ల పెన్నుతో, ముఖ్యమైన ముక్క కింద గీత. తప్పు పోతే పిచ్చిగీతలు గీకి కోడి కెలికినట్టు చేయకూడదు, స్కేలు పెట్టి ఒకే ఒక్క గీత, నీటుగా, దిద్దేవాడి కంటికి చికాకు లేకుండా. ఇన్ని నేర్పితే చివరి బెంచీనా? ఒళ్ళు మండిపోతోంది. ఇంటికి రానీ దాన్ని అనుకుంది.

ఇదంతా ఆ నర్మద వల్లే. నాలుగు నెలల కిందే తెంపేసినా దాని వాసన ఇంకా పోలేదు. చైతన్యపురిలో తాము ఉండే అపార్టుమెంటు వెనకాల రేకుల పోర్షన్‌లో కిరాయికి ఉంటారు వాళ్ళు, నల్గొండ పక్క ఏదో ఊరు. తండ్రి భిక్షపతి ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కి షేర్ ఆటో నడుపుతాడు, తల్లి తిరుపతమ్మ చీరలకి ఫాల్స్ కుడుతుంది, పీకో చేస్తుంది. కూతుర్ని మాత్రం తెచ్చి ఇదే స్కూల్లో పడేశారు, సి సెక్షన్‌లో. ఆ పిల్లా తేజస్వినీ రోజూ సాయంత్రం టెర్రస్ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన. తేజస్విని చదవదు, నడుస్తుంది. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడుస్తూ పాఠమంతా గట్టిగా చెబుతుంది, చేతులు తిప్పుతూ, టీచరమ్మలాగా. ఆ నర్మద పిట్టగోడ మీద కూర్చుని వింటుంది, నడుమ నడుమ అడ్డు తగులుతుంది, "ఆగవే, గట్లెట్ల అయితది? కాంతి ఒంకర ఎందుకు పోవాలె, సీదగ పోతే ఏమైతది?" అని. అప్పుడు ఇది మళ్ళీ మొదటికి వెళ్ళి, ఇంకోలా చెబుతుంది. ఒక్కో ముక్క నాలుగుసార్లు. గంటకి గంట మట్టిలో కలిసిపోతున్నట్టు అనిపించేది ఇంద్రాణికి, బట్టలు తీయడానికి పైకి వచ్చినప్పుడల్లా. అయినా ఊరుకుంది, మార్కులు తగ్గలేదు కాబట్టి. జూలైలో స్లిప్ టెస్టు పెట్టారు ఫిజిక్స్‌లో, ఇరవైకి. తేజస్వినికి పంతొమ్మిది. మెట్ల మీద తిరుపతమ్మ ఎదురై ముఖమంతా నోరు చేసుకుని, "మా నర్మదకు పదిహేడు ఒచ్చినయ్ మేడం, మీ పాప పుణ్యం" అంది. పదిహేడు! ఆ పిల్లకి ఎప్పుడూ తొమ్మిదో పదో. పదిహేడుకీ పంతొమ్మిదికీ మధ్య ఉన్నది రెండే అంకెలు. ఆ రాత్రి ఇంద్రాణికి అన్నం సయించలేదు.

మర్నాడు సాయంత్రం తనే టెర్రస్ మీదికి వెళ్ళింది. తేజస్వినిని కిందికి పొమ్మంది. అది మెట్లు దిగేదాకా ఆగి, నర్మదతో చాలా మెల్లగా, ముద్దుగానే చెప్పింది, "చూడమ్మా, నీకు చదువు రావాలంటే మీ నాన్నని ట్యూషన్ పెట్టించమను. మా అమ్మాయి తల తిని కాదు." ఆ పిల్ల పిట్టగోడ దిగి, చెప్పులు వేసుకోబోయి, వేసుకోకుండా చేత్తో పట్టుకుని దిగిపోయింది. ఎందుకు పట్టుకుందో చేత్తో, చప్పుడవుతుందనా? టెర్రస్ తలుపుకి అదేరోజు తాళం పడింది. తేజస్విని ఏడుస్తుందనుకుంది, ఏడవలేదు. గదిలో కూర్చుని చదవడం మొదలుపెట్టింది, నోరు మూసుకుని, అమ్మ చెప్పినట్టు. మధ్యలో ఓ రోజు బాత్రూంలో కొళాయి తిప్పి ఉంటే, ఇంతసేపేమిటని తలుపు దగ్గర చెవి పెట్టింది. నీళ్ళ చప్పుడులో దాని గొంతు, విద్యుత్తు గురించి, ఎవరికో చెబుతోంది. ఇప్పుడర్థమైందా అని అడుగుతోంది. ఎవరే అందులో అని తలుపు బాదింది ఇంద్రాణి. కొళాయి ఆగింది. "ఎవరూ లేరమ్మా" అంది తేజస్విని. నోరు మూసుకుని చదవమన్నానా, గాలికి పాఠాలు చెబితే మార్కులు రావు అని కేకలేసింది. ఆ తర్వాత ఇక వినబడలేదు.

ఇందాక గేటు దగ్గర తిరుపతమ్మ మళ్ళీ తగిలింది, ఇస్త్రీ చీర కట్టుకుని, కూతురి మీటింగుకి. నమస్తే పెట్టింది. "మేడం, ఒక్కమాట. పోరిలిద్దరు మళ్ల జర కలిసి చదువుకుంటే మంచిగుండు. మా నర్మద గప్పటిసంది ఎవ్వల్తోని మాట్లాడ్తలేదు. తప్పేమన్న చేసి ఉంటె నేను చెప్త దానికి." ఆ కళ్ళలో అంత ఆశ పెట్టుకుని ఎలా అడుగుతారో వీళ్ళు. ఇంద్రాణి చేతిగడియారం చూసుకుని, "నా నీలం చీరకి ఫాల్స్ అయిపోయిందా?" అంది. తిరుపతమ్మ "అయింది మేడం, పొద్దుమీకి పంపుత" అని తలకాయ ఊపి మెట్లకింద గది వైపు వెళ్ళింది. ఆ జవాబు తనకే బాగా నచ్చింది ఇంద్రాణికి, మెట్లెక్కుతూ రెండుసార్లు మనసులో అనుకుంది.

ఇలాంటి జవాబులు తనకి చిన్నప్పుడే అలవడ్డాయి. నరసాపురంలో పదో తరగతి, ట్యూషన్ మాస్టారు రామమోహనరావుగారు పరీక్షకి వారం ముందు ఒక కాగితం చేతిలో పెట్టారు, స్వయంగా రాసిన ముఖ్యమైన ప్రశ్నలు, ఇదొక్కటే ఉందమ్మా, సీతకి కూడా చూపించు అన్నారు. సీతామహాలక్ష్మి పక్కింటి పిల్ల, పక్కబెంచీ పిల్ల, మూడేళ్ళు ఒకే లాంతరు ముందు ఇద్దరూ చదువుకున్నారు కరెంటు పోయినప్పుడల్లా. ఆ కాగితం ఇంద్రాణి లంగా మడతలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది, బియ్యం డబ్బాలో దాచింది. మాస్టారు ఏమైనా ఇచ్చారటే అని సీత అడిగితే, లేదే అంది. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. రెండు మార్కుల తేడాతో స్కూలు ఫస్టు ఇంద్రాణి, సీత సెకండు. స్టేజీ మీదికి పిలిచి కప్పు ఇచ్చారు. కింద కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది సీత, పిచ్చిమొహం. ముప్పై ఏళ్ళు కావొస్తున్నా ఆ విషయానికి బాధపడింది లేదు, ఎందుకు పడాలి, పోటీ అన్నాక ఎవరి కాగితం వాళ్ళది. కాకపోతే ఆ తర్వాత ఎవరి పక్కనా కూర్చుని చదవలేకపోయింది. కూర్చుంటే, వాళ్ళ దగ్గర కూడా ఏదో కాగితం ఉందేమో అనిపించేది. కాలేజీలో ఒంటరిగా చదివింది, ఒంటరిగానే తప్పింది, బీకాం మూడో ఏడు. ఆ సంగతి తేజస్వినికి తెలియదు.

"తేజస్విని పేరెంట్!" అని పిలిస్తే ఉలిక్కిపడి లేచింది, మోకాలు బెంచీకి ఠప్పున కొట్టుకుంది. అందరూ చూస్తుండగా ముందుదాకా నడిచివెళ్ళి, పేపర్ల కట్ట తీసుకుని, అందరూ చూస్తుండగా మళ్ళీ చివరిదాకా నడిచి రావాలి. పైన ఎర్రపెన్నుతో మొత్తం రాసి ఉంది, నాలుగువందల ఎనభైకి మూడువందల యాభై ఏడు. మూడువందల అరవై వస్తే బి సెక్షన్. మూడు మార్కులు తక్కువ. అంటే సి. లెక్కల పేపరు తీసింది, ఎనభైకి యాభై ఎనిమిది, తను చచ్చినా నమ్మదు, లెక్కల్లో యాభై ఎనిమిదేమిటి ఈ పిల్లకి. మొదటి పేజీ అన్నీ టిక్కులే. రెండో పేజీ టిక్కులే. మూడో పేజీలో ఒక లెక్క మొత్తం, సాధన అంతా, జవాబు దాకా, ఆ జవాబు చుట్టూ డబ్బా కట్టి, దాని మీద మూల నుంచి మూలకి ఒక గీత. స్కేలుతో గీసిన గీత, నీటుగా, ఒకే ఒక్కటి. పక్కన సున్నా. ఇంకో పేజీలో ఇంకొకటి. ఇంద్రాణి బీకాం తప్పింది గానీ పదో తరగతి లెక్కలు తప్పేది కాదు, వేలు పెట్టి వరసగా చూసుకుంటూ వచ్చింది, లెక్క కరెక్టు. ఆ తర్వాతదీ కరెక్టే. గీత కింద ఉన్నవన్నీ కరెక్టే. ఇరవై రెండు మార్కులవి. యాభై ఎనిమిదీ ఇరవై రెండూ ఎనభై. ఎనభైకి ఎనభై! ఒక్కసారిగా గుండె పొంగిపోయింది, అదీ నా కూతురంటే, చూశారా, మొదటి బెంచీలో ఉన్నవాళ్ళందరినీ వెనక్కి తిప్పి ఈ పేపరు ముఖాన పెట్టాలనిపించింది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. సైన్సు తీసింది. కటకం బొమ్మ, పెన్సిలుతో, కిరణాలకి బాణాల గుర్తులతో సహా ముత్యంలా వేసింది, దాని మీద గీత. కాంతి ఎందుకు వంగుతుంది అన్న ప్రశ్నకి ఒకటిన్నర పేజీ, పక్కనే కూర్చుని ఎవరికో విడమరిచి చెబుతున్నట్టు రాసింది, దాని మీద గీత. సోషలు. ఇంగ్లీషు. తెలుగు. హిందీలో కూడా. అన్నీ కలుపుకుంటూ వెళ్ళింది, గీతల కింద ఉన్నవి నూట పద్నాలుగు. కొట్టేయకపోతే నాలుగువందల డెబ్బై ఒకటి.

కొట్టేయకపోతే. మరి ఎందుకు కొట్టేసింది. ఎనభై అయిదు శాతానికి కింద పడాలంటే అంత కొట్టేయక్కర్లేదు, అరవై నాలుగు చాలు, బి సెక్షన్‌లో పడుతుంది. డెబ్బై అయిదుకి కింద పడేదాకా కొట్టింది, పడి మూడు మార్కుల దూరంలో ఆగింది. లెక్కపెట్టుకుని కొట్టింది. ఒక్కో పేపరూ రాసి, ఎంత వస్తుందో తెలుసుకుని, చివరి పది నిమిషాల్లో స్కేలు తీసి, నాన్న కొనిచ్చిన పారదర్శక స్కేలు, తనకి రానివి కాదు, వచ్చినవి ఏరి ఏరి. సి సెక్షన్ కోసం. మెట్లకింద గది కోసం. ఆ నర్మద పక్కన బెంచీ కోసం. ఇంద్రాణి పేపరు మూసేసింది. తను సీతకి ఒక్క కాగితం ఇవ్వలేకపోయింది, కన్నకూతురు ఆ ఫాల్స్ కుట్టేదాని పిల్లకి నూట పద్నాలుగు మార్కులు పారబోసింది. ఇంత ఎవరైనా తన కోసం పారబోశారా? అమ్మ? ఆయన? ఇదే పిల్ల, పదిహేనేళ్ళు కంటికి రెప్పలా సాకితే, అమ్మ కోసం ఒక్క మార్కు ఎక్కువ తెచ్చుకోవాలని ఎప్పుడైనా అనుకుందా? అది కోపమో ఏడుపో తెలియలేదు, ఏదైతేనేం, పేపర్లన్నీ పోగుచేసుకుని లేచింది.

పన్నెండుకి పది నిమిషాలుండగా ఉపేంద్ర సార్ గదిలో నిలబడింది. సార్ పేపర్లు తిరగేసి, కళ్ళజోడు తీసి, "కొట్టేసినవి దిద్దరు మేడం. రూలు రూలే. పిల్లకి ఏదో మనసులో ఉన్నట్టుంది, కాస్త కనుక్కోండి. మా దృష్టిలో సి సెక్షన్ కూడా మంచిదే, అక్కడ సార్లకి ఓపిక ఎక్కువ" అన్నాడు. ఆయన మంచిగానే చెప్పాడు. ఇంద్రాణికి ఆ మెట్లకింద గది కళ్ళకి కట్టింది, ట్యూబ్‌లైటు కింద ఇద్దరూ, మధ్యాహ్నం డబ్బాలు తెరుచుకుని, ఇది చేతులు తిప్పుతూ చెబుతుంటే అది గట్లెట్ల అయితది అంటూ. అక్కడ ఈ పిల్ల బాగా చదువుతుంది. మార్చిలో ఇక కొట్టేయాల్సిన పని ఉండదు, నాలుగువందల డెబ్బై ఒకటి కాదు, ఇంకా పైన తెచ్చుకుంటుంది. ఆ సంగతి ఇంద్రాణికి తెలిసిపోయింది, ఎవరూ చెప్పనక్కర్లేకుండా. తెలిసినందుకే భరించలేకపోయింది. తను లేకుండా, టైమరు లేకుండా, బాదంపప్పు లేకుండా, ఆ పిల్ల పుణ్యాన. "సార్, మీకు హాస్టలు క్యాంపస్ ఉంది కదా, రింగు రోడ్డు అవతల" అంది. ఉంది మేడం, కానీ మధ్యలో వేస్తే పిల్లలు బెంగపెట్టుకుంటారు, నెలకి ఒక్క ఆదివారమే చూడనిస్తారు, పుస్తకాల టైములో పక్కవాళ్ళతో మాట్లాడటం కూడా ఉండదు అన్నాడాయన, వద్దన్నట్టుగా. "అదే కావాలి" అంది ఇంద్రాణి. ఫారం అడిగి తీసుకుని, తండ్రి సంతకం చోట కూడా తనే పెట్టింది, తడుముకోకుండా.

కిందికి దిగేసరికి వరండాలో లిస్టు ఇంకా అంటించలేదు. నీళ్ళ కూలర్ దగ్గర తేజస్విని నిలబడి ఉంది, రెండు జడలూ ముందుకేసుకుని, స్కూలు బ్యాగు రెండు చేతులా గుండెకి అదుముకుని. అల్లంత దూరాన సి సెక్షన్ గుమ్మం దగ్గర నర్మద, ఇటు చూస్తూ, ఇంద్రాణిని చూడగానే చూపు నేలకి దించేసింది. మధ్యలో ఎవరెవరో పిల్లలు, తండ్రులు, ఎక్కడో ఎవరినో చెంప మీద కొట్టిన చప్పుడు. తేజస్విని అమ్మ చేతిలో పేపర్ల కట్ట చూసింది. పెదవి తడుపుకుంది.

"ఏ సెక్షన్ వచ్చిందమ్మా?"

చెప్పేముందు ఆ ముఖం ఒకసారి చూసుకోవాలనిపించింది ఇంద్రాణికి. "సి" అంది.

తేజస్విని ముఖం దించుకుంది. బాధ నటించాలని పాపం గట్టిగానే ప్రయత్నించింది, కానీ పదిహేనేళ్ళ పిల్ల, ఎంతసేపని. ముందు కనురెప్పలు వణికాయి, తర్వాత పెదవి చివర, తర్వాత బుగ్గలు. సన్నటి వేలొకటి బ్యాగు వెనకనుంచి పైకి లేచింది, గుమ్మం దగ్గరున్న ఆ పిల్లకి మాత్రమే కనబడేలా. అవతల నర్మద రెండు చేతులతో నోరు మూసుకుంది. నాలుగు నెలల్లో ఇంట్లో ఎక్కడా కనబడని నవ్వు అది, ఇంద్రాణి మర్చిపోయిన నవ్వు, ఎంత అందంగా ఉంటుందో దానికి నవ్వితే. ఇంద్రాణి తొందరపడలేదు. ఆ నవ్వు ముఖమంతా పరుచుకునేదాకా, దాచుకోవడం దానివల్ల కాదని తేలేదాకా ఆగింది.

"కానీ నువ్వు వెళ్ళట్లేదులే. సోమవారం నుంచి హాస్టల్లో ఉంటావు. సంతకం పెట్టేశాను."

తేజస్విని నవ్వు వెంటనే పోలేదు, చెప్పిన మాట దాకా చేరడానికి దానికి కొంచెం సేపు పట్టింది. అటు నర్మద ఇంకా నోరు మూసుకునే నవ్వుతోంది, చేత్తో తన పక్కన చోటు చూపిస్తోంది, ఇక్కడ, ఇక్కడ అన్నట్టు. తేజస్విని అటు చూసింది, ఇటు చూసింది. అమ్మ కాళ్ళ మీద పడుతుందేమో, అరుస్తుందేమో అని ఇంద్రాణి సిద్ధంగానే ఉంది, రెండిటికీ జవాబులు ఉన్నాయి తన దగ్గర.

"దానికి నేను చెప్పి రానా అమ్మా?" అంది తేజస్విని. గొంతు చాలా మెల్లగా ఉంది. "ఒక్క నిమిషం. ఒక్క నిమిషమే."

"ఎందుకు? సోమవారం బెంచీ ఖాళీగా ఉంటే దానికే తెలుస్తుంది" అని, కూతురి చేతుల్లోంచి బ్యాగు అందుకుని, ఇంద్రాణి గేటు వైపు నడిచింది.